పిన్ని ముఖానికి మూడు కోటింగులు

"ఎలా ఉంటుందండీ? పొడిగానా, జిడ్డుగానా?"

"ఎండ తగిలే వైపు పొడిగానే ఉంటుంది. వాన కొట్టే వైపు మాత్రం కొంచెం చెమ్మ."

కౌంటర్ వెనక నిలబడ్డ అమ్మాయి తలెత్తి చూసింది. "నేనడిగింది ముఖం గురించి."

"ఓ, ముఖమా! సారీ అండీ, నోటికి గోడే వచ్చింది. మాది పెయింటింగ్ పని."

అది మందుల షాపు. సగం షాపు జ్వరాలకీ దగ్గులకీ, మిగతా సగం అందానికీ. ఆ అందం సగానికి అధికారి ఈ అమ్మాయి. తెల్లకోటు వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని, వచ్చినవాళ్లని ప్రశ్నలతో చంపి గానీ సరుకు ఇవ్వదు. ఆమె ఎదురుగా నిలబడ్డ కుర్రాడిని పనిలో అందరూ చిన్నమేస్త్రీ అంటారు. చెవి వెనక ఎప్పుడో అంటిన లేతనీలం రంగు ఇంకా అలాగే ఉంది. ఆ సంగతి అతనికి తెలియదు. ఆమెకి మాత్రం వచ్చిన దగ్గర్నుంచి అదే కనిపిస్తోంది.

"ఎవరికండీ క్రీము?"

"మా పిన్నికి, మా పెద్దమేస్త్రీకి. ముడతలు పోవాలి. వీలైతే ఈ వారంలోనే."

"వారంలో పోయేవి సబ్బు మరకలండీ, ముడతలు కాదు. అంత తొందరేమొచ్చింది?"

"నిన్న ఒకాయన మా పిన్నిని మామ్మగారూ అన్నాడు." ఆ మాట చెబుతుంటేనే అతనికి మళ్లీ ఒళ్లు మండింది. "యాభై కూడా నిండలేదండీ ఆవిడకి! డ్రైవింగ్ స్కూల్లో గోడలకి లప్పం పెట్టి రుద్దుతున్నాం. తల మీదా కనుబొమల మీదా అంతా తెల్లపొడి. అంతమాత్రానికే 'మామ్మగారూ, నిచ్చెన జాగ్రత్త' అన్నాడు. ఆవిడ తిరిగి ఒక్క చూపు చూసింది. ఆయన కంగారుపడి ఏమన్నాడో తెలుసా? 'మా అమ్మాయి పనిచేసే షాపులో ముడతలకి మంచి క్రీములుంటాయండీ' అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు!"

ఆ అమ్మాయి పెదవులు బిగపట్టింది. బుగ్గలు మాత్రం ఆగలేదు.

"నవ్వకండి మేడమ్. మీరే చెప్పండి, అలాంటి పెద్దమనిషిని ఏమనాలి?"

"నేనైతే నాన్నా అంటాను," అందామె.

చిన్నమేస్త్రీ నాలిక కరుచుకున్నాడు. ఆమె ఒక చిన్న ట్యూబు తీసి అతని ముందు పెట్టింది.

"ఇది రెటినాల్. రాత్రిపూట మాత్రమే రాయాలి. మొదట్లో వారానికి రెండుసార్లు చాలు. ముఖమంతటికీ కలిపి శనగగింజంత. ముందు చెవి కింద కొంచెం రాసి, మంట లేదని తేలాకే ముఖానికి రాయాలి. పగలు సన్‌స్క్రీన్ తప్పదు. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది."

"శనగగింజంతా? దాంతో ఒక చెంపైనా కవర్ కాదు కదండీ!"

"కవర్ చెయ్యడానికి అది పెయింటు కాదు."

అతను వినిపించుకుంటేగా! అరలోంచి గరుకు స్క్రబ్బొకటి, సీరమ్ ఒకటి, బంగారు మూతల క్రీములు ఇంకో రెండు బుట్టలో వేశాడు. ఆమె ఒక్కొక్కటే తీసి మళ్లీ అరలో పెట్టింది. అతను మళ్లీ తీశాడు. "ఇవన్నీ కలిపి వాడకూడదండీ బాబూ," అని ఆమె మొత్తుకుంటూనే ఉంది. "నాకు తెలుసు లెండి, ఇలాంటివి చాలా చూశాను," అన్నాడు చిన్నమేస్త్రీ. అతను చూసినవన్నీ ప్రహరీగోడలు.

---

ఆ సాయంత్రం పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ టవల్ కట్టి, చిన్నమేస్త్రీ పనిలోకి దిగాడు. గోడకైనా ముఖానికైనా పద్ధతంటే పద్ధతే. ముందు ఉప్పుకాగితంతో రుద్దాలి, అది స్క్రబ్బు. తర్వాత ప్రైమర్, అది సీరమ్. ఆపైన ఫినిషింగ్ కోటింగులు.

"మరీ ఇంత మందమెందుకురా?" అంది పిన్ని కళ్లు మూసుకునే.

"ఒక్క కోటింగుతో ఏ పగులైనా మూసుకుందా పిన్నీ? నువ్వు నేర్పిన పనేగా!"

"అదీ నిజమేలే. కోటింగుకీ కోటింగుకీ మధ్య ఆరనివ్వు."

ఇద్దరూ ఇద్దరే. తెల్లారేసరికి పిన్ని ముఖం ఇనపగేటుకి రెడ్ ఆక్సైడ్ పూసినట్టు ఎర్రగా అయింది.

షాపు తలుపులు తెరుస్తుండగానే చిన్నమేస్త్రీ రుసరుసలాడుతూ వెళ్లాడు. "మీ క్రీము మా పిన్ని ముఖం కాల్చేసింది!"

ఆ అమ్మాయి ముఖంలో రంగు మారింది. "కళ్లు వాచాయా? ఊపిరి ఆడుతోందా? బొబ్బలేమైనా?"

"అవేం లేవు. మంట, ఎరుపు, అంతే."

"ఎంత రాశారు?"

"మూడు కోటింగులు."

"దేనితో?"

అతను షాపు పైకప్పుకేసి చూశాడు. "కొత్త బ్రష్షేనండీ. నీళ్లలో నానబెట్టి మరీ..."

ఆమెకి కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. రెండిట్లో దేన్ని ముందు పంపాలో తెలియక కౌంటర్ మీద చెయ్యి వేసి నిలబడింది. "అన్నీ ఆపేయండి. చల్లటి నీళ్లతో కడిగి, ఈ మామూలు మాయిశ్చరైజర్ ఒక్కటే రాయండి. సాయంత్రం నేనే వచ్చి చూస్తాను. తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్దాం. ఈలోగా మీరు ఆవిడ ముఖం జోలికి వెళ్లారంటే ఊరుకోను!"

---

సాయంత్రం ఆమె డ్రైవింగ్ స్కూల్ కారులో దిగింది. నడిపింది వాళ్ల నాన్నే. తన నోటిదురుసువల్లే ఇంత జరిగిందని తెలిసి, క్షమాపణ చెప్పుకుందామని ఆయనా వచ్చాడు. పిన్ని మాత్రం గది తలుపు వేసుకుంది.

"నన్ను మామ్మ అన్న మనిషి ముందుకి ఈ మొహంతోనా? చచ్చినా రాను!"

"మేస్త్రీగారూ," డ్రైవింగ్ మాస్టారు తలుపుతో మాట్లాడాడు, "ఆ రోజు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానండీ."

లోపల గొళ్లెం కదిలింది. తర్వాత, "కళ్లజోడు లేకుండా బండెలా నడిపారు?"

"నడిపేది స్టూడెంట్లండీ. నేను బ్రేకు మీద కాలేసి కూర్చుంటాను."

తలుపు వెనక నవ్వు వినిపించింది. తలుపు తెరుచుకుంది. అమ్మాయి పిన్ని ముఖం పట్టి పట్టి చూసి, మంట నాలుగు రోజుల్లో సర్దుకుంటుందని చెప్పింది. మాస్టారు కూడా చూశాడు, కళ్లజోడు తుడుచుకుని మరీ.

మంట తగ్గింది గానీ రాకపోకలు తగ్గలేదు. అమ్మాయి వచ్చినప్పుడల్లా మాస్టారు కారు తోలుకుంటూ వచ్చేవాడు. కూతురికి కాపలా కాస్తున్నాడని చిన్నమేస్త్రీ అనుకున్నాడు. ఎవరి దిగులు వాళ్లది.

మెల్లగా పిన్నికి సరైన వరస కుదిరింది. గరుకు స్క్రబ్బు చెత్తబుట్టలోకి పోయింది. రాత్రి రెటినాల్ శనగగింజంతే, అదీ అమ్మాయి చెప్పిన రోజుల్లోనే. పొద్దున్నే సన్‌స్క్రీన్.

"అసలు ముడతలు తగ్గించే క్రీముల కన్నా ముందు కొనాల్సింది ఇది," అందామె ఒకరోజు. "ఎండలో పరంజా ఎక్కి పనిచేసేవాళ్లకి మరీను. ఇంతింత ఖరీదు క్రీములు రాసుకుని ఎండలో నిలబడితే బూడిదలో పోసిన పన్నీరే."

"బయటి గోడకి వెదర్ కోటింగ్ లాంటిదన్నమాట," అన్నాడు చిన్నమేస్త్రీ.

"హమ్మయ్య, ఒక్కటి అర్థమైంది! చెయ్యి పట్టండి." అతని రెండు వేళ్ల మీద పొడుగ్గా రెండు గీతలు క్రీము పిండింది. "ముఖానికి, మెడకి ఇంత. చెమట పడితే మళ్లీ రాసుకోవాలి."

"నాకెందుకు? నాకు ముడతల్లేవుగా."

"రాకముందు రాసుకునేదే ఇది. వచ్చాక ఏడ్చి ఏం లాభం?"

అతను రాసుకున్నాడు. ముక్కు వదిలేశాడు. ఆమె వేలితో ముక్కు చూపించింది. అతను చెంప రాసుకున్నాడు. "మీకు ముక్కంటే ఏమిటో తెలుసా?" అంటూ తనే అతని ముక్కు మీద చుక్క పెట్టింది. పెట్టాక వేలు ఎలా వెనక్కి తీసుకోవాలో ఆమెకే తెలియలేదు. మర్నాటి నుంచి పెయింటర్లందరికీ అతను బలవంతంగా సన్‌స్క్రీన్ పట్టించాడు. పరంజా మీద తెల్లముఖాలన్నీ వరసగా కూర్చుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

వాన పడితే బయటి గోడల పని ఆగిపోతుంది. అలాంటప్పుడల్లా చిన్నమేస్త్రీ తల తుడుచుకుంటూ షాపులో తేలేవాడు. పెదాలకి రాసుకునేది కావాలనేవాడు, చేతులకి రాసుకునేది కావాలనేవాడు. అతని పెదాలకీ చేతులకీ ఏ జబ్బూ లేదు. మబ్బు పట్టిందంటే చాలు, ఆ అమ్మాయి కూడా అద్దాల తలుపు వైపు చూడటం మొదలుపెట్టింది. వాన అందరి మీదా పడుతుంది గానీ, ఆ షాపులో మాత్రం ఒక్కరి కోసమే పడేది.

ఒక రోజు చుర్రుమనే ఎండలో వచ్చాడు.

"వాన లేదుగా. ఎందుకొచ్చారు?" అందామె.

"పని మానేసి వచ్చాను."

"ఏం కావాలి?"

"ఏం అక్కర్లేదు. ఊరికే వచ్చాను."

ఆమె కౌంటర్ మీద లేని దుమ్ము తుడిచింది. "ఊరికే వచ్చేవాళ్లకి ఇక్కడ కుర్చీ వెయ్యరు. నిలబడే మాట్లాడాలి."

"సాయంత్రం దాకా నిలబడతాను. రేపు మాత్రం ఒక మాట చెప్పాలి మీకు. అది నిలబడి చెప్పే మాట కాదు."

"కూర్చుని వినే మాటైతే రేపు టిఫిన్ బాక్సు రెండు గిన్నెలది తెస్తాను," అంది ఆమె. అతను ఇంటికి ఎలా వెళ్లాడో అతనికే తెలియదు.

---

ఇంటి వాకిట్లో డ్రైవింగ్ స్కూల్ కారుంది. కూతురు లేకుండా మాస్టారొక్కడే వచ్చాడేమిటా అనుకుంటూ చిన్నమేస్త్రీ గుమ్మం దగ్గర ఆగాడు.

"మేస్త్రీగారూ, నాకు తిప్పి చెప్పడం రాదు," లోపల మాస్టారు అంటున్నాడు. "మా ఆవిడ పోయాక ఇన్నేళ్లలో నాకు ఎవరితోనూ కూర్చుని మాట్లాడాలనిపించలేదు. మీ దగ్గరికొస్తే లేవాలనిపించదు. మీకిష్టమైతే పెళ్లి చేసుకుందాం. ఈసారి కళ్లజోడు పెట్టుకునే అడుగుతున్నాను."

కిటికీలోంచి పిన్ని ముఖం కనిపించింది. ఆవిడ తల వంచుకుని చేతిగాజు తిప్పుకుంటోంది. పని దగ్గర పదిమందిని గడగడలాడించే పెద్దమేస్త్రీ అలా సిగ్గుపడటం అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. "రేపు చెప్తానండీ," అంది.

అతనికి గంతులేయాలన్నంత సంతోషం కలిగింది. గంతుకి కాలెత్తాడు కూడా. అప్పుడు వరస గుర్తొచ్చింది. పిన్ని భర్త బాబాయి. బాబాయి కూతురు చెల్లెలు.

కాలు దించి, వాకిట్లో ఖాళీ పెయింటు డబ్బా మీద కూలబడ్డాడు.

నిజానికి దీనికి ఒక్క వాక్యంలో పరిష్కారం ఉంది. పిన్ని అతనికి సొంత పిన్ని కాదు. అతని తల్లి, ఈవిడ ఒకే పరంజా మీద పనిచేసిన నేస్తాలు. తల్లి జబ్బుచేసి పోతే, ఊహ తెలియని పిల్లాణ్ని ఈవిడ చంకనెత్తుకుని ఇంటికి తెచ్చుకుంది. వాడి కోసమే పెళ్లి మాట తలపెట్టలేదు. బళ్లో ఎవడో "ఆవిడ నీ సొంత పిన్ని కాదురా" అంటే వాడి పలక విరగ్గొట్టి వచ్చాడు. అప్పట్నుంచి ఆ మాట అతని ముందు ఎవరూ అనలేదు. ఇప్పుడు తన పెళ్లి కోసం తన నోటితో తనే అనాలా? ఆ మాట అనడం కంటే నోరు మూసుకోవడమే మేలనుకున్నాడు. ఇన్నేళ్లకి ఆవిడకో తోడు దొరికింది. అది చెడగొట్టేంత ప్రేమ తనకెందుకు?

మర్నాడు మధ్యాహ్నం షాపులో రెండు గిన్నెల టిఫిన్ బాక్సు ఎదురు చూస్తోంది. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఇక మీదట రాలేనండీ. పని ఎక్కువైంది."

ఆమె నవ్వుతూనే అడిగింది. "వాన పడితే?"

"పడినా."

ఆ తర్వాత అతను ఆమె ముఖం చూడలేదు. చూస్తే నిలబడలేనని తెలుసు.

---

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్ల ఇంట్లో కంచాల ముందు ఇద్దరూ కూర్చున్నారు గానీ, ఇద్దరూ తినలేదు.

"ఏమైంది తల్లీ?"

"తలనొప్పి. మీకేమైంది?"

"నాకూ తలనొప్పే."

"నాన్నా, నిజం చెప్పండి."

మాస్టారు కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "పెద్దమేస్త్రీగారిని పెళ్లి చేసుకుంటానని అడిగానమ్మా. నీకు చెప్పకుండా అడిగాను, తప్పే. ఆవిడ వద్దంది. ముడతలు పడ్డ ముఖానికి పెళ్లేమిటి, నలుగురూ నవ్వుతారు అంది."

"ముడతలా? మొన్ననే అద్దంలో చూసుకుని, 'అమ్మాయ్, కళ్ల కింద గీతలు తగ్గాయి కదూ' అని మురిసిపోయిందే!" అని ఆమె ఆగింది. "నాన్నా, నన్ను కూడా ఈవేళే వద్దన్నారు. అదే ఇంట్లోంచి."

"నిన్నా? ఎవరు?"

"ఇంకెవరు? బ్రష్షు!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకే ఇంట్లో ఒకే రోజు రెండు కాదనడాలు. కూతురు ముందు వరస లెక్కవేసింది. తర్వాత కంచం దగ్గరికి లాక్కుంది. "తినండి నాన్నా. పొద్దున్నే గొడవ పెట్టుకోవాలి, ఓపిక కావాలి."

---

పొద్దున్న పిన్ని, చిన్నమేస్త్రీ ఒక ఆఫీసు గోడ మీద, పరంజా పైఅంతస్తులో ఉన్నారు. అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు, రాత్రినుంచీ మాటల్లేవు. కింద కారు ఆగింది.

"కిందికి దిగండి!" అరిచింది అమ్మాయి.

"కుదరదమ్మాయ్, మధ్యలో ఆపితే గోడ మీద అతుకు కనిపిస్తుంది," అంది పిన్ని.

"అయితే ఇక్కణ్ణుంచే అడుగుతాను. మా నాన్నని ఎందుకు వద్దన్నారు?"

చిన్నమేస్త్రీ రోలర్ ఆగిపోయింది. "పిన్నీ! నువ్వు వద్దన్నావా?"

"మరి నువ్వు మా అమ్మాయిని ఎందుకు వద్దన్నావయ్యా?" కిందనుంచి మాస్టారు.

పిన్ని గిర్రున తిరిగింది. "ఒరేయ్! నువ్వు వద్దన్నావా?"

పరంజా మీది తెల్లముఖాలన్నీ పని ఆపి ఇటు తిరిగాయి.

"నువ్వు ఆ పిల్ల కోసం వానల్లో తడుస్తూ తిరగడం నాకు తెలీదట్రా?" పిన్ని రోలర్ ఎత్తి అతని వైపు చూపించింది. "నేను ఆయన్ని చేసుకుంటే ఆ పిల్ల నీకు చెల్లెలవుతుంది. నా పెళ్లి కోసం నీ పెళ్లి చెడగొట్టనా?"

"నేను మాత్రం నా పెళ్లి కోసం నీ పెళ్లి చెడగొడతానా పిన్నీ? మొన్న ఆయన అడిగినప్పుడు కిటికీలోంచి నీ ముఖం చూశాను. నీకు ఆయనంటే ఇష్టం."

"దీనికింత రాద్ధాంతమా?" కింది అంతస్తులో ఉన్న పాత పెయింటరు తాత కల్పించుకున్నాడు. "అసలు పెద్దమేస్త్రీ నీకు సొంత..."

"తాతా! ఆ మాట అన్నావంటే ఊరుకోను!"

తాత నోరు మూసుకున్నాడు. పిన్ని రోలర్ పక్కన పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుంది.

"నేనే చెప్తాను. వీడికి నేను సొంత పిన్నిని కాను. అవును, కాను." చిన్నమేస్త్రీ తల దించుకున్నాడు. ఆవిడ అతని వైపే చూస్తూ చెప్పింది. "వీడి అమ్మ నా చేతిలో వీణ్ని పెట్టి పోయింది. ఆ రోజునుంచీ నేను వీడికి పిన్నినే కాను, అమ్మని. పిలుపొక్కటే పిన్ని."

అతని కళ్లు నిండిపోయాయి. తుడుచుకుంటే సన్‌స్క్రీన్ కళ్లలో పడి ఇంకా మండాయి.

మాస్టారు బుర్ర గోక్కున్నాడు. "అంతా బాగానే ఉంది గానీ మేస్త్రీగారూ, పిన్ని అయితేనే చిక్కు. అమ్మ అయితే మరీ చిక్కు కదండీ?"

"ఏ చిక్కూ లేదు నాన్నా," అంది కూతురు. "ముందు మా పెళ్లి జరుగుతుంది. అప్పుడు ఆవిడ నాకు అత్తగారు. తర్వాత మీ పెళ్లి. అత్తగారి భర్త మామగారు. అంటే మీరే నాకు మామగారు. పుట్టిల్లు, అత్తిల్లు ఒక్కచోటే. అలిగి వెళ్లిపోదామన్నా ఎక్కడికీ వెళ్లక్కర్లేదు."

"వరస కుదిరింది!" తాత ఒక్క అరుపు అరిచాడు. పరంజా అంతా నవ్వులతో ఊగింది.

చిన్నమేస్త్రీ పైనుంచి వంగి చూశాడు. "ముందు మా పెళ్లి అన్నావు. మా అంటే?"

"ఏం, నీకింకా చెప్పాల్సిన మాట మిగిలిపోయింది కదూ? చెప్పు. నేను నిలబడే వింటాను."

ఇంతమంది ముందా అని అతను ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత పరంజా కర్ర పట్టుకుని, వీధంతా వినేలా చెప్పాడు. "నువ్వంటే నాకు ప్రాణం! నిన్న నిన్ను చూడకుండా వచ్చేశాక అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"చేసుకుంటాను. దిగిరా, మెడ నొప్పెడుతోంది," అంది ఆమె. అంటూనే కళ్లు తుడుచుకుంది.

అతను దిగబోతూ పిన్ని దగ్గర ఆగాడు. ఎప్పుడూ పిలవని పిలుపొకటి నోటిదాకా వచ్చింది. పెదాలు కదిలేలోపే ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"వద్దురా. పిన్నీ అనే పిలు. ఆ పిలుపుకి పలకడమే నాకు అలవాటు."

"సరే పిన్నీ. పద, ఇద్దరం దిగుదాం."

పిన్ని గోడ వైపు తిరిగింది. "నువ్వు దిగు. నేను కాసేపు ఏడ్చుకుని వస్తాను," అని, నిచ్చెన మీద అతను రెండు మెట్లు దిగాక మళ్లీ పిలిచింది. "ఒరేయ్, ఆయన్ని వెళ్లిపోవద్దను."